ప్రెసిడెంటుగారు తాగిన నీళ్ళు

1963 ఏప్రిల్ 28
బ్లాకు ఆఫీసు నుంచి కబురు. ఇన్నేళ్ళూ వచ్చిన నిధులతో మన మెట్టకీ, డెల్టాకీ తేడా తగ్గిందో లేదో చూడడానికి హైదరాబాదు ఆఫీసరు వస్తున్నాడట. తన మామిడితోట చూపించడం ప్రెసిడెంటుగారి వంతు, భోజనం నా వంతు. పంచాయతీ సభ్యురాలిని కదా, ఆ మాత్రం పని ఉండాలి!
రానీ.

ఏప్రిల్ 30
ఒళ్ళు మండుతూనే ఉంది. కూలీల పేటకి బావికని నా చేను మూల స్థలం రాసిచ్చాను. బావికి సర్కారు డబ్బొచ్చింది. బావి మాత్రం ప్రెసిడెంటుగారి మామిడితోటలో పడింది. పైగా స్థలం ఇస్తానని నేనే మాట తప్పానని ఊరంతా చాటాడు. పేటవాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. తోటలో బిందెడు నీళ్ళు తోడుకోనిస్తున్నాడు గనక ఆయనే దేవుడు. గేటు మూస్తే గేదెలు పొర్లే కుంటే గతి.
మీటింగులో అడిగితే — "ఆడవాళ్ళకి ఈ లెక్కలెందుకండీ?" అన్నాడాయన — అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు.

మే 3
కుంట నీళ్ళు చెంబుడు తెచ్చాను. అత్తయ్య చూస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది… కొంగు చాటున దాచాను. వడకట్టలేదు.

మే 4
వచ్చారు. ఆఫీసరు మంచివాడే, పాపం, నిండా జీపు దుమ్ము. "మెట్ట బాగా పైకొచ్చిందండీ." ఒక్కడి తోట పచ్చబడితే అందరి కడుపూ నిండినట్టేనా? మామిడి రసాలు పెట్టాను.
"పేటకి మంచినీళ్ళ బావి కూడా ఇచ్చామండీ," అన్నాడు ప్రెసిడెంటు.
అప్పుడు పెట్టాను కుంట నీళ్ళ గ్లాసు, ఆయన ముందు. "పేటవాళ్ళు తాగే నీళ్ళేనండీ. తమరు రుచి చూడాలి."
వాసన తగిలింది. నా వంక చూశాడు. ఇవి కావంటే ఆఫీసరు బావి చూపించమంటాడు. చూపిస్తే అది తన తోటలోనే ఉంది.
తాగాడు. అడుగుదాకా. నా కడుపు చల్లబడింది.
ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో.

మే 6
తోట గేటుకి ముళ్ళకంప. పేట ఆడవాళ్ళని తిట్టి వెనక్కి పంపారు.
గౌరమ్మ వచ్చింది — మా చేలో కోతకొచ్చే పేట మనిషి. అరుగు కింద నిలబడింది, చంకలో ఖాళీ బిందె. "మీ కసి తీరిందిగా అమ్మగారూ. మా పిల్లలకి ఏం పొయ్యమంటారు?"
మా పెరట్లో బావి ఉంది. గౌరమ్మకీ తెలుసు. ఆ బావి దగ్గరికి పేటవాళ్ళని ఎవరినీ ఇంతవరకు రానివ్వలేదు.
అత్తయ్య లోపలి నుంచి — "ఎవరే అక్కడ?"
లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. అది ఇంకా అరుగు కిందే నిలబడి ఉంది.