కాళ్ళు వెచ్చబడితే పిలవండి

మే 19, ఆదివారం

హోళీ నుంచి మా ఇంట్లో నేనే పోస్టాఫీసుని. అమ్మ వదినతో మాట్లాడదు. వదిన పక్కనే నిలబడి ఉన్నా నాతోనే మాట్లాడుతుంది. ఏమే, కూరలో మళ్ళీ వేరుశెనగపొడి కొట్టిందేమో అడుగు, అంటుంది. వదిన కూడా నావైపే తిరిగి, కొట్టలేదని చెప్పండి డాక్టరుగారూ, అంటుంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

హోళీ రోజు చుట్టాలందరి ముందూ అమ్మ, ఘాట్ కొండల మీది వాళ్ళకి వేరుశెనగ తప్ప వంటేం తెలుసు, కొబ్బరికాయ మొహం ఎప్పుడైనా చూశారా, అంది. వదినది కొండల పైన సాతారా, మాది కింద సముద్రం ఒడ్డు. నోరు ఊరుకోదు. మీ చేపల కంపు వదలాలంటే పుట్టింటికెళ్ళినప్పుడల్లా రెండు సబ్బులు అరగదీస్తున్నాను అత్తయ్యా, అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. జరిగిందల్లా ఇదే. అన్నయ్య ఓడ ఉద్యోగంలో ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు, అదృష్టవంతుడు.

అయినా వదిన ఒక్క సాయంత్రం కూడా తప్పించదు. దీపం వెలిగించి, వంగి అమ్మ కాళ్ళకి దణ్ణం పెడుతుంది. అమ్మ కాళ్ళు ముందుకి పెడుతుంది కానీ మొహం పనసచెట్టు వైపు తిప్పుకుంటుంది. నూరేళ్ళు బతుకు అనే దీవెన ఒకప్పుడు అడక్కుండానే వచ్చేది. ఇప్పుడు రాదు. వస్తుందేమోనని వదిన ఒక క్షణం ఎక్కువే వంగి ఉంటుంది. అది చూడలేక నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తాను.

మే 22

తేళ్ళ సీజన్ మొదలైంది. ఎర్రమన్ను, ఎర్రరాళ్ళు, ఎర్రతేళ్ళు. వానలు పడేలోపు కట్టెలూ గడ్డీ లోపల సర్దాలని జనం చేతులు పెట్టకూడని చోటల్లా పెడుతున్నారు. మామిడితోట కాపలా మనిషి ఒకతను మా ఆస్పత్రి వార్డు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. చచ్చిపోతున్నాను డాక్టరమ్మా, అన్నాడు. నువ్వు చావవు, ఇంకా గట్టిగా అరువు, అన్నాను. పెడ్నేకర్ సిస్టర్ మొహం తిప్పుకుని నవ్వింది.

అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు. నొప్పి పెద్దగా లేదండీ అంటూ, చెమటలు కారుతూ, చల్లటి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళంటేనే భయం. భయపడినప్పుడు ఒళ్ళు మన ప్రమేయం లేకుండా కొన్ని పనులు చేస్తుంది. గుండె దడ, చెమట, కాళ్ళూ చేతులూ చల్లబడటం. ఆ విషం అవన్నీ ఒక్కసారే చేయిస్తుంది, ఇక ఆగనివ్వదు. రక్తనాళాలు బిగుసుకుపోతాయి. గుండె వాటికి ఎదురు తోసి తోసి అలిసిపోతుంది. చివరికి లంగ్స్‌లోకి నీరు చేరుతుంది.

దానికి మందు ప్రజోసిన్. చిన్న మాత్ర. బిగుసుకున్న నాళాల్ని వదులు చేస్తుంది. దానికీ ఒక పెంకితనం ఉంది. మొదటి మాత్ర వేసుకున్న మనిషి లేచి నిలబడితే రక్తమంతా కాళ్ళలోకి జారి బీపీ పడిపోతుంది. అందుకే ఎవర్నీ మంచం దిగనివ్వను. వెంట వచ్చినవాళ్ళలో ఒకరిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, పాదాలు పట్టుకుని ఉండండి, కాళ్ళు వెచ్చబడితే పిలవండి, అంటాను. నా మానిటర్ అదే. అసలు మానిటర్ పాడై చాలా రోజులైంది.

ఈరోజు ఒక తండ్రి కొడుకు కాళ్ళు పట్టుకోనన్నాడు. పెద్దవాళ్ళు పట్టుకుంటే చిన్నవాళ్ళకి ఆయుష్షు తగ్గుతుందట. ఇంటికొచ్చి అమ్మకి చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముందే, అంది.

మే 25

అమ్మ: వానలోపు కట్టెలు కొట్లో పెట్టమని దానికి చెప్పు. వదిన: పెడతానని చెప్పండి. జీతం లేని పోస్ట్‌మాన్ ఉద్యోగం.

మే 28, మంగళవారం, సాయంత్రం ఐదు

వదిన చేతివేలి మీద తేలు కుట్టింది. కట్టెల కొట్లో, మధ్యాహ్నం. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి, ఆవిడ మాట్లాడదు. చీర తడిసిపోయేలా చెమటలు కారడం చూసి అమ్మే ఆటో పిలిచి ఎక్కించుకొచ్చింది.

నొప్పి పెద్దగా లేదు డాక్టరుగారూ, ఊరికే కంగారు పడకండి, అంటోంది వదిన. నొప్పి లేదట. పాదాలు పట్టుకుని చూశాను. కుండలో నీళ్ళలా ఉన్నాయి. బీపీ నూట ఎనభై.

మాత్ర వేశాను. లేవకూడదని రెండుసార్లు చెప్పాను. తేలు కుట్టకుండానే నా చేతులు కూడా చల్లబడ్డాయి. సిస్టర్ చూసింది. మీకూ ఒకటి వెయ్యమంటారా మేడమ్, అంది.

మే 29, ఉదయం ఆరు

నిన్న రాత్రి రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, లేకపోతే నిద్ర పట్టదు.

చీకటిపడే వేళ సిస్టర్ రోజూలాగే వార్డు గోడ మీది గణపతి ముందు దీపం వెలిగించింది. నేను ఆ చివర ఇంకో పేషెంట్ దగ్గర ఉన్నాను. తల తిప్పేసరికి వదిన మంచం దిగి నిలబడి ఉంది. ఎదురుగా దీపం. పక్కన స్టూలు మీద అత్తగారు. పెళ్ళైన నాటి నుంచి ఉన్న అలవాటు, నేను చెప్పిన మాట దాని ముందు ఏపాటి. నేను అరిచేలోపే వంగింది. అమ్మ కూడా అలవాటుగానే కాళ్ళు ముందుకి పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. వదిన వంగింది వంగినట్టే అమ్మ పాదాల మీద పడిపోయింది.

అమ్మ వెంటనే చూడలేదు. దణ్ణమే అనుకుందట. ఎప్పుడూ కాసేపు ఎక్కువే వంగి ఉంటుంది కదా అనుకుందట.

పల్స్ దొరకలేదు. మళ్ళీ వెతికితే దొరికింది, దారంలా. సిస్టరూ నేనూ ఎత్తి పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తి పట్టుకున్నాం. లంగ్స్‌లో అప్పటికే సన్నగా చప్పుడు మొదలైంది. సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే ఊపిరి మునుగుతుంది, ఎక్కించకపోతే బీపీ లేవదు. కొంచెం కొంచెంగా వదులుతూ, మనసులో గణపతిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంతమందికి చేశానో ఈ పని. ఎవరి మంచం దగ్గరా దేవుణ్ణి ఇలా తిట్టలేదు.

వదిన కళ్ళు తెరిచింది. అత్తయ్యకి దెబ్బ తగిలిందా, అని అడిగింది.

బీపీ నిలబడ్డాక కూడా పాదాలు చల్లగానే ఉన్నాయి. విషం ఇంకా వదల్లేదు. మళ్ళీ మాత్ర వేశాను. నేను తల దగ్గరే ఉండి ఛాతీ వింటూ ఉండాలి. సిస్టర్‌కి వార్డంతా ఉంది. అమ్మా, కాళ్ళు పట్టుకో, అన్నాను.

అమ్మ గోడ దాకా వెనక్కి జరిగింది. వద్దే, నేను పట్టుకుంటే దాని ఆయుష్షు తగ్గిపోతుందే, ఇంకెవరినైనా పిలవవే, అంది. ఇన్ని రోజులూ మొహం తిప్పుకోవడమే చూశాను కానీ, వదిన ఆయుష్షు గురించి అమ్మ ఇంత భయపడుతుందని నాకు తెలియదు. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. హోళీ నుంచి దీవెన ఇవ్వకుండా దాచుకున్నావు కదా, ఆ నూరేళ్ళూ నీ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు ఇచ్చెయ్యి, అని వార్డంతా వినేలా అరిచాను.

అమ్మ గోడ వదిలింది. వచ్చి మంచం చివర కూర్చుంది. వదిన పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని పైట కప్పింది.

కాసేపటికి మాటలు వినిపించాయి. అమ్మ ఆ పాదాలతో మాట్లాడుతోంది. ఏం పిల్లవే నువ్వు, తేలు కుడితే చెప్పవా, నేనేమన్నా గోడనా, అంటోంది. గోడ కూడా నయమే, కనీసం ఆనుకోనిస్తుంది, అని తనే అంది. ఇంటికి రావే, వేరుశెనగపొడి ఎంత కావాలంటే అంత కొట్టు, నోరు మూసుకుని తింటాను, అంది. వదిన కళ్ళు మూసుకునే ఉంది. చేపల్లో కూడానా అత్తయ్యా, అంది. అమ్మ కొంచెం ఆలోచించింది. చేపల్లో వద్దులే, అంది.

తెల్లారబోతుండగా అమ్మ పిలిచింది, వెచ్చబడ్డాయే, రా, అని. నేను నమ్మలేదు. అంతసేపు ఒళ్ళో పెట్టుకుంటే రాళ్ళైనా వెచ్చబడతాయి. ఎవరూ పట్టుకోని చోట చూడాలి కదా. వదిన చేతివేళ్ళు ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ముక్కు కొస వెచ్చగా ఉంది. ఛాతీలో చప్పుడు లేదు.

అంతలో వదిన కెవ్వుమంది. వేలు, వేలు, చచ్చిపోతున్నాను, అని సాతారా యాసలో వాళ్ళ అమ్మని పిలుస్తూ ఒకటే గోల. విషం వెనక్కి తగ్గితే నొప్పి తిరిగొస్తుంది. ఆ సంగతి అమ్మకేం తెలుసు. హడలిపోయి, ఏదో ఒకటి చెయ్యవే రాక్షసీ, అలా నిలబడతావేంటి, అని నన్ను తిట్టింది. నేను నేల మీద కూలబడి నవ్వుతున్నాను, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. అరువు వదినా, ఇంకా గట్టిగా అరువు, అన్నాను.

జూన్ 1

ఇంటికొచ్చేశాం. అన్నయ్య ఓడ మీది నుంచి ఫోన్ చేశాడు. అమ్మ, తేలు కుట్టింది, తగ్గింది, పడుకుంది, నువ్వు ఫోన్ పెట్టు, అంది.

పోస్టాఫీసు మూతపడింది. పొద్దుట్నుంచి వంటింట్లో ఇద్దరూ కొబ్బరి గురించి పోట్లాడుకుంటున్నారు, నేరుగా. నన్నెవరూ పలకరించలేదు.

జూన్ 10

వాన వచ్చింది. దీపం ఇప్పుడు అమ్మే వెలిగిస్తోంది. వదిన లేవబోతే కూర్చోమని కసురుతుంది. స్టూలు ఈడ్చుకుంటూ తనే వదిన దగ్గరికి వచ్చి, ఇదిగో కాళ్ళు, లేవకుండా పెట్టుకో దణ్ణం, నూరేళ్ళు బతుకు, అంటుంది. రోజూ ఇదే.

మాత్ర ఒంట్లోంచి ఎప్పుడో పోయిందని అమ్మకి నేను చెప్పలేదు. వదినా చెప్పలేదు.