మామయ్యగారి బండికి ఎనిమిది సిలిండర్లు

చిరంజీవి అల్లుడుగారికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, నర్సరీలో మొక్కలూ బాగానే ఉన్నాం. బాగాలేనిది మన పికప్పు ఒక్కటే. పూలకుండీలు వేసుకుని కొండ ఎక్కుతుంటే మూలుగుతోంది, వెనక చక్రాల దగ్గర కమురు వాసన కొడుతోంది. నిన్న నన్ను గొర్రెల మంద దాటిపోయింది. అందులో ఒక గొర్రె వెనక్కి తిరిగి చూసింది కూడా.

కొండ మీది హోటలుకు రోజూ పొద్దున్నే కుండీలు అందాలి. ఇంకోసారి ఆలస్యమైతే వేరే నర్సరీ చూసుకుంటామని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. ఆ హోటలు చెయ్యి జారితే మేం గేటుకు తాళం వేసుకోవడమే. మీరు రేసు బండ్లకు ప్రాణం పోసే మనిషి కదా, చిన్న సలహా ఏదైనా ఉంటే రాయండి. సలహా చాలు.

ఇట్లు,
మామయ్య

తా.క.: లోపం బండిలో కాదు, నడిపే మనిషిలో ఉందేమో అని మీ అత్తయ్య అంది. ప్రస్తుతం మా మధ్య మాటల్లేవు.

*

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. మిమ్మల్ని గొర్రెలు దాటడమా! మీ డ్రైవింగుకు వంక పెట్టేవాళ్లు ఇంకా పుట్టలేదు. లోపం ముమ్మాటికీ ఇంజిన్‌దే.

దీనికి రెండు దారులున్నాయి. టర్బో బిగించి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి ఊదించి బలం పెంచడం ఒకటి. వెనక ఇరుసులో క్రౌన్ పినియన్ అనే పళ్లచక్రాల జత మార్చి, వేగం కాస్త తగ్గినా లాగుడు పెరిగేట్టు చేయడం ఇంకొకటి. నాకు టర్బో మీద మనసు పోయింది. మీ జవాబు కోసం ఆగలేక తెప్పించేశాను కూడా. తోటమాలి చేత బండి పంపించండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: డబ్బు మాట ఎత్తకండి. ఎత్తితే మీ అమ్మాయి నన్ను వర్క్‌షాపులోనే పడుకోమంటుంది.

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. టర్బోతో బండి వచ్చింది. మహా అద్భుతం. కాకపోతే అది ఈల వేస్తుందని ఒక్క ముక్క ముందే రాయాల్సింది. మలుపులో దర్జీగారి భార్య నడిచి వెళుతుంటే సరిగ్గా అప్పుడే వేసింది. ఆవిడ చూసిన చూపుకు నాకు చెమటలు పట్టాయి. ఈ వయసులో ఇదేం బుద్ధి అని దర్జీగారు అడిగితే, నేను కాదు, టర్బో అన్నాను. టర్బో అంటే ఎవరని అడిగాడు.

బండి కొండ ఎక్కుతోంది. ఆ కమురు వాసన మాత్రం కాస్త... అయినా పర్వాలేదులెండి. ఇక మీరేమీ శ్రమపడకండి.

ఇట్లు,
మామయ్య

తా.క.: నిజంగానే ఏమీ వద్దు.

*

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

మీరు 'పర్వాలేదులెండి' అన్న మాట దగ్గర నా గుండె ఆగినంత పనైంది. ఎంత బాధ పడితే తప్ప మీ నోట ఆ మాట రాదు! తా.క.లో మళ్లీ 'వద్దు' అన్నారు. మీ మొహమాటం నాకు తెలియనిది కాదు.

బాగా ఆలోచించాను. పాత ఇంజిన్‌కు ఇంకా పెద్ద టర్బో పెడితే పిస్టన్లు కరిగిపోతాయి. అందుకని ఇంజినే మార్చేద్దాం. ఒక రేసు పికప్పులోంచి తీసిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ నా దగ్గర ఉంది. అంత బలం వెనక చక్రాలకే ఇస్తే అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి కాబట్టి నాలుగు చక్రాలకూ పంచుతున్నాను. ఇరుసులు, క్లచ్చి, గేరుపెట్టె అన్నీ దానికి తగ్గవే. క్రౌన్ పినియన్ కూడా మారుస్తున్నాను, పోయినసారి దాన్ని చిన్నచూపు చూసినందుకు. బండి వెంటనే పంపించండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: మొదటి గేరులో బయల్దేరేటప్పుడు ముందు మనుషులు లేకుండా చూసుకోండి. గోడలు కూడా.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు తరవాత, ముందు సంగతి వినండి. సగం కొండ దాకా బండి బుద్ధిగానే ఎక్కింది. ఉన్నట్టుండి వెనక ఏదో ఠప్‌మంది. అంతే! తరవాతి మలుపులు నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి హోటలు లోపల ఉన్నాను. గది కావాలా అని బల్ల వెనక అమ్మాయి అడిగింది, పాపం అలవాటు కొద్దీ.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుండీలన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ ఆకు లేదు. మేనేజరు ఆ కాడల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తరవాత అన్నది ఒకటే: ఇది ఎలా జరిగిందో వారంలోగా రాసి ఇవ్వాలి, లేకపోతే ఇక నా మొహం చూడడట.

నిజం చెప్పండి బాబూ. ఆ ఠప్‌మన్నది ఏమిటి?

మామయ్య

తా.క.: అద్దాల తలుపు తెరిచే ఉందని నేను ఇప్పటికీ అంటున్నాను.

*

పూజ్యులైన మామయ్యగారికి,

ఈ ఉత్తరం తరవాత నేను మీ ఇంటి గడప తొక్కగలనో లేదో తెలియదు. ఠప్‌మన్నది చేతి బ్రేకు తీగ. మీరు దాన్ని సగం పైకి లాగి ఉంచే బండి నడుపుతారు. ఈ ఉత్తరాలు మొదలవకముందు ఓసారి మీ పక్కన కూర్చున్నప్పుడే చూశాను. ఆ క్షణంలో మీరు, 'స్టీరింగు ముందు కూర్చుంటే నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు' అంటున్నారు. చెప్పలేకపోయాను.

వర్క్‌షాపులో దించి పంపేవాణ్ని. మళ్లీ వచ్చేసరికి పైకే ఉండేది. అది మీ పద్ధతి కాబోలు, తప్పు పట్టడానికి నేనెవర్ని అనుకున్నాను. బ్రేకు దించండి అనే బదులు, బ్రేకును ఈడ్చుకుపోయే ఇంజిన్ పెట్టాను. మామయ్యా, మిమ్మల్ని చంపేసేవాణ్ని! తలుచుకుంటే తిండి సయించడం లేదు.

మీ అల్లుడు

తా.క.: మీ అమ్మాయి ఇదంతా చదివి వర్క్‌షాపులో పక్క వేసింది.

*

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. ముందు కూర్చోండి, కూర్చుని చదవండి. బ్రేకు సంగతి నాకు తెలుసు.

మీ మొదటి ఉత్తరం వచ్చిన పూటే మీ అత్తయ్య స్టీరింగు ముందు కూర్చుని, "ఇదేంటండీ, పైకి లాగి ఉంది?" అని దించేసింది. పాత ఇంజిన్‌తోనే బండి ఝామ్మని కొండ ఎక్కింది. కానీ మీరు అప్పటికే టర్బో తెప్పించేశారు. అల్లుడు ముచ్చటపడి తెచ్చిన వస్తువును అక్కర్లేదని ఏ నోటితో అనేది? నేనే మళ్లీ పైకి లాగి బండి పంపాను. మీరు దించి పంపేవారు, ఆ టర్బో వేగానికి జడిసి నేను లాగేవాణ్ని. ఎనిమిది సిలిండర్లు వచ్చాక ఇక దాన్ని దించే ధైర్యం ఎక్కడిది? ఇన్నాళ్లూ నన్ను బతికించింది ఆ తీగే.

మీ ఉత్తరమూ, ఇక్కడిదాకా రాసిన ఇదీ మేనేజరుకు చూపించాను. రెండూ వరసగా చదివాడు. తరవాత తను వేసుకున్న చిలకపచ్చ చొక్కా వైపు చూసుకుని, "ఇది మా మామగారు కుట్టించింది" అన్నాడు. పూలు పంపమన్నాడు, బండి మాత్రం గేటు బయటే ఆపాలట. పాత ఇంజిన్ పారేయకపోతే పంపండి. మనిద్దరం ఒకళ్లకొకళ్లం నిజం చెప్పుకునేటంత దగ్గరవాళ్లం కాలేదే అన్నదే నా బాధ, బాబూ. ఇకనైనా అవుదాం.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఓసారి మా ముళ్లమొక్కలు బాగున్నాయన్నారని బండి వచ్చినప్పుడల్లా పంపుతున్నాను. మంచం చుట్టూ పెట్టుకున్నారని అమ్మాయి రాసింది. నిజంగా ఇష్టమేనా? నా వైపు నిజం నేనే ముందు చెప్పేస్తాను. అవి ఇక్కడ ఎవరూ కొనడం లేదు.