తారీఖు రాసిన అద్దం

మగ్గాలపేట, పామర్రు దగ్గర,
16 నవంబరు 2025, ఆదివారం.

గుణదలలో ఉన్న చెల్లెలు హెలెనమ్మకు, మగ్గాలపేట నుంచి అక్క రావమ్మ దీవించి రాయునది.

ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ఉభయుల్లో ఒక్కరికీ కుశలం లేనప్పుడు ఏమని మొదలుపెట్టాలో చెప్పకుండానే పోయాడు. మీ తమ్ముడు స్టీఫెన్ మొన్న పామర్రు సంతలో కనపడి, నీ కొడుకు బాబీ కాలికి రాడ్డు వేశారనీ, కుట్లు ఇంకా ఆరలేదనీ, ఆసుపత్రిలో మంచం పక్కన కానిస్టేబులు కూర్చునే ఉన్నాడనీ చెప్పాడు. కాలు బాగుపడగానే జైలుకే తీసుకుపోతారట కదా. నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తకపోవడమే న్యాయం. అందుకే కాగితం పట్టుకున్నాను. చింపేస్తే చింపెయ్ గానీ, చివరిదాకా చదివి చింపు.

ముందు ఇక్కడి కబుర్లు. బసవయ్య మామ పెద్దకర్మ అయిపోయింది. ఆయన లేని ఇంట్లో సంపూర్ణమ్మత్త రాట్నం ముందు కూర్చుని నూలు లేని కండె తిప్పుతూ ఉంటుంది. వంతెన కూలాక పిల్లలు బడికి బల్లకట్టు మీద వెళ్తున్నారు, పెద్దవాళ్ళు లాకుల దాకా చుట్టు తిరిగి వెళ్తున్నారు. ముసురుకి మా మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చాయి. గోడనున్న మీ బావ ఫొటోకి చెమ్మ తగిలి మచ్చలు పడ్డాయి. ఒక కన్ను అసలు కనిపించడం లేదు. రోజూ పొడిగుడ్డతో తుడుస్తున్నాను, ఇంకా చెరుగుతోంది.

జరిగినదంతా నీకు తెలుసు. అయినా నీ వైపు నుంచే తెలుసు. నా వైపు నుంచి ఒకసారి రాస్తాను.

మాఘమాసంలో రోడ్ల ఆఫీసువాళ్ళు వచ్చి మన వీధి గోడలకి ఎర్రరంగు గీతలు గీశారు. రోడ్డు అరవై అడుగులు చేస్తాం, కాలవ మీద పాత వంతెన తీసేసి ఎత్తుగా కొత్తది కడతాం అన్నారు. మా ఇంట్లో గీత సరిగ్గా మగ్గం మీదుగా పోయింది. ఇల్లు పోతే ఏడ్చి ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. వీధి పోతే ఎక్కడ వెతుక్కుంటాం? పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగు సాచి, అటు పదిమందీ ఇటు పదిమందీ నిలబడి గంజి పెట్టి కుంచెలతో దువ్వితేనే ఆ నూలు మగ్గమెక్కేది. దానికి వంకర లేని, వాలు లేని వీధి కావాలి. కొత్త వంతెనకి ఎక్కే వాలు నేత సొసైటీ అరుగు దగ్గరే మొదలవుతుందన్నారు. లారీలు ఎక్కి దిగే వాలు మీద పడుగు సాచేదెవరు? నువ్వు నర్సు డ్యూటీకి వెళ్ళేటప్పుడు సైకిలు దిగి, దాన్ని పక్కకి వాల్చి నడిపిస్తూ, పడుగు కింద నుంచి వంగి వెళ్ళేదానివి. మా వీధిలో అద్దెకున్న ఇరవై రెండేళ్ళలో ఒక్క పోగు తెంపలేదు. ఆ సంగతి వీధిలో అందరికీ గుర్తే. గుర్తుండే నీకు అంత పని చేశాం.

సొసైటీ అరుగు మీద మీటింగు నాడు బసవయ్య మామ పెద్దరికం వహించి, వంతెన మీద ఎవడి చెయ్యీ పడనివ్వను, మా తాత రాళ్ళు మోసి కట్టిన వంతెన ఇంకో వందేళ్ళు నిలుస్తుంది అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు నువ్వు లేచావు. రోడ్డు వెడల్పు తగ్గించమని అడుగుదాం, నేనూ వస్తాను, వంతెన మాత్రం కొత్తది కావాల్సిందే, ఇది ఎప్పుడో చచ్చింది అన్నావు. మా కోడలు రాజ్యశ్రీకి నొప్పులొచ్చిన రోజు అంబులెన్సు వంతెన ఎక్కడానికి భయపడి అవతలి గట్టునే ఆగిపోతే, నులకమంచం మీద మోయించుకుపోయింది నువ్వే కదా. ఆ మాట నువ్వు ఎత్తలేదు. ఎత్తుతావేమోనని భయపడి నేనే ముందు లేచాను. అద్దెకున్నవాళ్ళకి వీధి నొప్పి ఏం తెలుస్తుంది, ఇవాళ ఇక్కడా రేపు ఇంకోచోటా అన్నాను.

నా మనవణ్ణి అందరికన్నా ముందు ఎత్తుకున్న మనిషికి నేనిచ్చిన బహుమానం అది. నువ్వు నా వంక చూసి, చెప్పులేసుకుని వెళ్ళావు. ఆ మర్నాటి నుంచి వీధి మీ గడప తొక్కలేదు. బీపీ చూపించుకోవడానికి కూడా పామర్రు పోయారు గానీ నీ దగ్గరకి రాలేదు. నెల తిరక్కుండా ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. చెయ్యమని వాళ్ళకి చెప్పింది బసవయ్య మామే అయినా, మాట అందించింది నేను.

ఆ తర్వాత మైలవరం పిల్ల, ఇంజినీరు సింధూరి వచ్చింది. అప్పటికి వేసవికని కాలవకి నీళ్ళు కట్టేశారు. ఎండిన కాలవలోకి దిగి, వంతెన కింద గోడకున్న పగులు చూసింది. పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా తేల్చాలని, జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు అద్దం పట్టీని ఆ పగులుకి అడ్డంగా పెట్టి, రెండు కొసలా తెల్లసిమెంటుతో అతికించింది. దాని మీద ఎర్రరంగుతో తారీఖు వేసి పొడి సంతకం పెట్టింది. మూడు నెలలు చూస్తాను, అద్దం నిలిస్తే గోడ కదలనట్టే, రిపేర్లతో సరిపెట్టమని రాస్తాను, పగిలితే మాత్రం మీరు అడ్డం పడుకున్నా కూల్చక తప్పదు అంది.

ఇక చూడు, ఆ అద్దం మా వీధికి గ్రామదేవతైపోయింది. వారానికొకరు వంతులేసుకుని పొద్దున్నే కాలవలోకి దిగి చూసొచ్చేవాళ్ళం. సంపూర్ణమ్మత్త దానికి పసుపూ కుంకుమా పెడితే, సింధూరి వచ్చినప్పుడు కసిరి తుడిపించింది. వంతెన మీదకి ట్రాక్టరు వస్తే బసవయ్య మామ కర్ర పట్టుకుని అడ్డం నిలబడేవాడు. జూన్ నెలలో ఆ పిల్ల మళ్ళీ దిగి చూసింది. అద్దం చెక్కుచెదరలేదు. వంతెనకి రిపేర్లు చాలనీ, పెద్ద బళ్ళు రాకుండా బోర్డు పెట్టాలనీ రాసింది. దాంతో కొత్త రోడ్డు ప్లాను ఊరి బయటికి మళ్ళింది. ఆ రోజు అరుగు మీద పులిహోర వండారు. అదే రోజు బాబీ తన ట్రాలీ ఆటోలో మీ సామాను ఎక్కిస్తున్నాడు. నీకు ఒక ఆకు పంపాలనిపించింది. పంపలేదు.

బాబీ మాత్రం రావడం మానలేదు. ఎప్పటిలాగే విజయవాడ నుంచి సొసైటీకి నూలు బేళ్ళు తెచ్చేవాడు. సొసైటీ గుమాస్తా అంకమ్మరావు ఒకసారి ఉండబట్టలేక, మా మీద కోపం లేదుటోయ్ అని అడిగితే, కోపం ఉంటే మీ మీద ఉంటుందండీ, నూలేం చేసింది అన్నాడట. దసరా వెళ్ళిన వారం, జోరువాన. పామర్రు సెంటరులో బసవయ్య మామ బస్సు కోసం తడుస్తూ నిలబడితే, బాబీయే బండాపి ఎక్కించుకున్నాడు. మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు.

నేను అప్పుడు గట్టు మీద ఉన్నాను. బండి నెమ్మదిగానే వచ్చింది, వానకి లైట్లు వేసుకుని. వంతెన సగానికి వచ్చేసరికి పాత దుప్పటి చింపినట్టు చప్పుడైంది. ముందు గోడ ఒరిగింది, దాని మీద వంతెనా, వంతెనతో పాటు బండీ వెళ్ళిపోయాయి. బాబీని స్టీరింగు కింద నుంచి తీయడానికి గంట పట్టింది. వాడు నొప్పికి అరుస్తూనే తాతగారు ఏరండీ, తాతగారు ఏరండీ అని అడుగుతూ ఉన్నాడు. మామ సాయంత్రానికి లాకుల దగ్గర తేలాడు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. అద్దం నిలిచిందని ఆఫీసు కాగితం ఉంది కాబట్టి గోడ మంచిదే, తప్పంతా బండి బరువుదీ వేగానిదీ అన్నారు. వీధివాళ్ళకి ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గోడ చెడ్డదైతే వంతెన ఉంచమన్న మాదీ తప్పే అవుతుంది మరి. తొమ్మిదిమందిమి సంతకాలు పెట్టాం, బండి జోరుగా వచ్చిందని, మోయలేనంత ఎక్కించాడని. ఎప్పుడూ తెచ్చే బరువే తెచ్చాడని అంకమ్మరావుకి తెలుసు. నెమ్మదిగా వచ్చాడని నాకు తెలుసు. అంకమ్మరావు ఎనిమిదో సంతకం, నాది తొమ్మిదోది.

ఆసుపత్రికి వచ్చినప్పుడు నువ్వు నన్ను తిడతావనుకున్నాను. తిడితే బాగుండేది. వరండాలో నిలబడి ఒక్క మాటే అడిగావు, మూడు నెలలు అద్దం పగలనివ్వని గోడ నాలుగు నెలలు తిరక్కుండా ఎలా ఒరిగిందక్కా అని. నేను బత్తాయిలు బెంచీ మీద పెట్టి మెట్లు దిగి వచ్చేశాను.

మొన్న ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చి గోడలకి గీతలు గీశారు. అవే కొలతలు. ఈసారి ఎవరూ అడ్డం వెళ్ళలేదు. మా అబ్బాయి భానుచందర్ విజయవాడలో బట్టల కొట్లో పని చూసుకుంటానంటున్నాడు. మగ్గం విప్పి అటక మీద పెట్టమంటే నాకు చేతులు రావడం లేదు.

బాబీని అడిగానని చెప్పు. నువ్వు వేళకి తిను, రాత్రంతా ఆ బెంచీ మీదే కూర్చోకు.

ఇట్లు,
నువ్వు అక్కా అని పిలవడానికి తగని
రావమ్మ

తా.క. అసలు రాయాల్సింది ఇది. ఇంత రాస్తే గానీ చెయ్యి దీని మీదకి రాలేదు.

ఆ అద్దం పగిలింది చెల్లీ. మే నెలలో, నా వంతు వారంలో. పొద్దున కాలవలోకి దిగి చూస్తే తారీఖు మధ్యగా రెండు ముక్కలైపోయి ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి మీ బావ ఫొటోకున్న అద్దం ఊడదీసి, పామర్రులో ఫొటోలు కట్టే కొట్లో ఆ కొలతకి కోయించాను. మిట్టమధ్యాహ్నం, ఎండకి వీధంతా తలుపులేసుకున్న వేళ మళ్ళీ దిగాను. పాత ముక్కలు తీసేసి, కొత్త పట్టీ అతికించి, ఎర్రరంగుతో ఆ తారీఖే వేసి, సింధూరి పొడి సంతకం దించాను. చీర చూసి అంచు దించే చెయ్యి కదా, ఒక్క వంకర తేడా రాలేదు. జూన్‌లో ఆ పిల్ల చూసి రాసుకుంది మీ బావ అద్దాన్నే.

గంజి పెడితే పీచు అణుగుతుంది గానీ తెగిన పోగు అతకదని రాజ్యశ్రీకి నేర్పింది నేనే. అద్దెకున్నదానివని నిన్ను వెళ్ళగొట్టి, ఆ గోడకి మాత్రం మీ బావ మొహం మీది అద్దాన్ని తీసుకెళ్ళి అతికించి వచ్చాను. బసవయ్య మామకి ఇదేదీ తెలియదు. వంతెన గట్టిదని నిజంగా నమ్మాడు, నమ్మే బండెక్కాడు. నువ్వడిగినదానికి జవాబు ఇది.

పగిలిన ముక్కలు ఎందుకో పారెయ్యలేకపోయాను. కండెల బుట్ట అడుగున దాచాను. ఒకటి నూలుతో చుట్టి ఈ కవరులో పెడుతున్నాను, ఇంకొకటి నా కొంగున కట్టుకున్నాను. రేపు పోస్టాఫీసు తెరవగానే ఇది రిజిస్టరు చేసి, అక్కణ్ణుంచి నేరుగా స్టేషనుకి వెళ్తాను. నా సంతకం అబద్ధమని, అద్దం సంగతి ఇదని చెప్తాను. భానుచందర్‌కి ఇంకా చెప్పలేదు. వీధి నన్ను ఏం చేస్తుందో నాకు తెలుసు, నీకు చేసినది చూశాను కదా.

కానీ నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు. స్టేషను మెట్ల దగ్గర నిలబడి వెనక్కి తిరిగి వచ్చేస్తానేమో. రెండు ముక్కలూ కలిపితేనే తారీఖు చదవడానికి వస్తుంది. ఈ ఉత్తరం చేరిన రెండు రోజుల్లో పోలీసులు నీ దగ్గరకి రాకపోతే నేను వెళ్ళలేదని అర్థం. అప్పుడు ఈ ముక్కా, ఈ ఉత్తరమూ తీసుకుని నువ్వే వెళ్ళు. రెండోది ఎక్కడుందో కూడా చెప్పు.

నూలు విప్పేటప్పుడు వేళ్ళు జాగ్రత్త. అంచు ఇంకా పదునుగానే ఉంది.