సుజాత చెప్పని స్తోత్రం

అక్టోబర్ 6, సోమవారం

రాత్రి ప్రార్థన మళ్లీ సుజాత దగ్గరే ఆగింది.

మా ఇంటి పద్ధతి ఏళ్లుగా ఒకటే. అన్నానికి ముందు అందరం చాప మీద కూర్చోవాలి. ఒక్కొక్కరు ఆ రోజుకు ఒక్క స్తోత్రం చెప్పాలి. నిన్న చెప్పింది ఈ రోజు చెల్లదు. మనవరాలు కీర్తన, లెక్కల సార్ బడికి రానందుకు స్తోత్రం అంది. గుర్రుగా చూశాను. మధ్యాహ్నం కోడిగుడ్డు పెట్టినందుకు అని మార్చుకుంది. కొడుకు ప్రభాకర్, మన్ననూరు ఘాటులో వాన పడుతున్నా బస్సు క్షేమంగా దించినందుకు. తర్వాత కోడలు సుజాత వంతు. తల దించుకుని కూర్చుంది. ఆగాను... అన్నం చల్లారింది. ఆమె లేచి లోపలికి పోయింది.

దవాఖాన నుంచి వచ్చి వారం కూడా కాలేదు. కీర్తన తర్వాత ఎనిమిదేళ్లకు నిలిచిన కడుపు, నాలుగో నెలలో పోయింది. తెలుసు. అయినా పద్ధతి పద్ధతే.

గ్యాస్ బండ మార్చాము. పోయినసారి కంటే త్వరగా అయిపోయింది. సుజాతకు వేన్నీళ్లు కాస్తున్నాము, అందుకు.

అక్టోబర్ 7

ఈ రాత్రీ అంతే. సుజాత తినలేదు.

అక్టోబర్ 9, గురువారం

చర్చి అయ్యగారి భార్య వచ్చారు. కాఫీ తాగలేదు. కూడిక సంగతి అడగడానికి ఇబ్బంది పడుతున్నారు.

సుజాతకు మూడో నెల దాటగానే చర్చిలో నిలబడి చెప్పింది నేనే — పద్దెనిమిదో తారీఖు శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, అందరికీ భోజనం అని. అందరూ చప్పట్లు కొట్టారు. షామియానా అతనికి కూడా చెప్పేశాను. ఇప్పుడేం చేయాలి?

దేవునికి ఇచ్చిన మాట, జరుగుతుంది అన్నాను. అమ్మగారు తల ఊపి వెళ్లిపోయారు.

ప్రభాకర్ ఊరుకోలేదు.

"ఏం స్తోత్రమని పిలుస్తవమ్మా మందిని?"

తల్లి ప్రాణం దక్కింది కదా, అది చాలదా అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సుజాత వింటోంది.

అక్టోబర్ 11, శనివారం

ఈ రోజంతా పుట్టినూరు ఆత్మకూరే గుర్తుకు వస్తోంది. ఎందుకో.

నాన్న ఉపదేశి. ఊరూరూ నడిచి వాక్యం చెప్పేవాడు. ఈ రోజుకో స్తోత్రం పద్ధతి ఆయన పెట్టిందే. అమ్మ పని వేరు. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో పోసేది. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. కరువు వచ్చిన ఏడు బియ్యం లేవు, జొన్నలే. జొన్నల్లోంచీ తీసేది. పిడికెడు చిన్నదయిందేమోనని నేను పక్కన నిలబడి చూసేదాన్ని. "పిడికిలి నాదే గదనే, ఎట్ల తగ్గుతది?" అనేది.

ఆ ఏడే ఒక రాత్రి తన వంతు వచ్చినప్పుడు అంది — "బాయిల నీళ్లు లేవు, బిందె బరువు తప్పింది, స్తోత్రం." నాన్నకు కోపం వచ్చింది. అది స్తోత్రం కాదు, దేవుణ్ని ఎత్తిపొడవడం అన్నాడు. "ఆయనతోని అనకపోతే ఎవరితోని అంట?" — అమ్మ. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమేన్ కూడా నవ్వుతూనే అన్నాడు.

కోతల పండుగకు చర్చి స్తంభాలకు వేరుశనగ చెట్లు వేళ్లతో సహా కట్టేవారు. పాట పాడుతుంటే మట్టి రాలి తలల మీద పడేది. ఇప్పుడు స్తంభాలకు ప్లాస్టిక్ పూలు. ఆ పచ్చి మట్టి వాసన మధ్య కూర్చుంటే స్తోత్రం వెతుక్కోవలసిన పని ఉండేది కాదు... దానంతట అదే వచ్చేది.

అక్టోబర్ 12, ఆదివారం

సుజాత చర్చికి రాలేదు. వెనక బెంచీలోని ఆమె నా చెయ్యి పట్టుకుని, దేవుడు ఇంకొకటి ఇస్తడులే టీచరమ్మా అంది. మంచి మనసుతోనే అంది. చెయ్యి వదిలించుకున్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

కూడికకు బియ్యం ఏరుతున్నాము, నేనూ సుజాతా. చాట నా దగ్గర, గంప ఆమె దగ్గర. సగం గంప ఏరాక —

"అత్తమ్మా, కూడికల నన్ను లేపి సాక్ష్యం చెప్పమంటరా?"

అంటారు, దేవుడు చేసిన మేలు నిలబడి చెప్పడం వాడుకే అన్నాను.

"నాకు చెప్పనీకి రాదు. దేవుని మీద కోపం లేదని అననీకి రాదు. అబద్ధం చెప్పి మందికి అన్నం పెట్టుడు నాతోని గాదు."

ఉప్పునుంతల ఊరి పిల్ల. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాకు ఎదురు మాట్లాడింది లేదు. కోప్పడదామనుకున్నాను. అంతలో ఆమే అడిగింది, మీకెప్పుడన్నా గిట్ల అయిందా అని.

చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి. ప్రభాకర్‌కు కూడా తెలియదు.

గద్వాలలో నాకు కొత్తగా టీచరు ఉద్యోగం. అద్దె ఇల్లు, ముందు రాళ్ల అరుగు. ప్రభాకర్ కంటే ముందు ఒక మగపిల్లవాడు. నెలలు నిండలేదు. ఏడవలేదు. మా ఆయన కొత్త తువ్వాలలో చుట్టుకుని తెల్లవారకముందే ఏటి వైపు వెళ్లారు. తిరిగి వచ్చి చేతులు కడుక్కున్నారు. ఎక్కడ పెట్టారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు ఆయనా లేరు. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆ వారమే మా అత్తగారు ప్రార్థన పెట్టించి నన్ను లేపి నిలబెట్టారు. స్తోత్రం చెప్పాను. తడబడలేదు. తరగతిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. ఎంత విశ్వాసమమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. ఆ స్తోత్రం దేవునికి చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు అన్నాను సుజాతతో.

ఆమె చెయ్యి ఆగింది.

"పేరేమన్న అనుకున్నరా?"

లేదన్నాను. ఇద్దరం మళ్లీ బియ్యం ఏరాము. రాళ్లు ఎక్కువే ఉన్నాయి ఈసారి.

రాత్రి ప్రార్థనలో ఆమె వంతు దాటించి ఆమేన్ అన్నాను. ఇంతకాలంలో ఇదే మొదటిసారి. కీర్తన ఊరుకుంటుందా. "అమ్మకు లేదా మరి?" అంది. ఉన్నప్పుడు చెప్తుంది, తిను అన్నాను.

అక్టోబర్ 16

సుజాత రెండు జొన్నరొట్టెలు తింది. ఏమీ అనలేదు నేను. చెట్నీ గిన్నె జరిపాను.

అక్టోబర్ 17, శుక్రవారం

వాకిట్లో షామియానా గుంజలు దించారు. ప్రభాకర్ భార్య వైపు చూసి, వద్దంటే ఇప్పుడే ఫోన్ చేస్త అన్నాడు. సుజాత చాలాసేపు గుంజల వైపే చూసింది. "ఉండనియ్యి" అంది. అంతే.

వాడు నా వైపు చూశాడు. నన్నెందుకు చూస్తాడు, నాకు మాత్రం ఏం తెలుసు.

అక్టోబర్ 18, శనివారం — కూడికకు ముందు

అయ్యగారు ఫోన్ చేశారు. సాయంత్రం కూడిక దేని గురించని చెప్పాలమ్మా అని అడిగారు. కృతజ్ఞత కూడిక అనబోయి ఆగాను. మా ఇంట్లో మేము కళ్లారా చూసుకోలేకపోయిన ఒక బిడ్డ కోసం అన్నాను.

వంటింటి గడపలో సుజాత నిలబడి ఉంది. చేతులకు పసుపు.

"ఒకరు గాదు అత్తమ్మా. ఇద్దరని చెప్పుండ్రి."

ఇద్దరు అన్నాను. అయ్యగారు మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను — ఇద్దరు.

ప్రభాకర్ చాపల కట్ట భుజాన వేసుకుని వస్తున్నవాడు వాకిట్లోనే నిలబడిపోయాడు. ఇద్దరెవరమ్మా అన్నాడు. సుజాత నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనే. రాత్రి చెప్తాను, ముందు చాపలు వెయ్యి అన్నాను.

వేశాడు. అరగంటలో జనం వస్తారు. సుజాత చీర మార్చుకుంటోంది. బయటికి వచ్చి కూర్చుంటుందో లేదో అడగలేదు. మొదటి ప్రార్థన నాదే. ఏ మాటతో మొదలుపెట్టాలో...