అడుగుకి తారు పూసిన వ్యాను

కొత్తవలస,
మంగళవారం.

అన్నయ్యకి, వదినకి, పిల్లలకి నూకాలు దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం వేళకి తింటున్నాం, రోగాలూ రొష్టులూ లేవు. అక్కడ మీరందరూ ఎలా ఉన్నారు? వదిన నడుం నొప్పి తగ్గిందా? చంటిది అడుగులు వేస్తున్నదా? అన్నీ రాయి. కార్డు మీద నాలుగు ముక్కలు గీకి పడేస్తావు నువ్వు, ఈసారి అలా చేస్తే ఊరుకోను. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు, నువ్వే చదువుకో. వదినకి చెప్తే చెప్పు.

ఇక్కడి సంగతులు చెప్పాలంటే, ఊరికి అలవాటు పడ్డాననే అనుకో. సముద్రం హోరు లేక నిద్ర పట్టడం లేదని వచ్చిన కొత్తలో రాశాను కదా, ఇప్పుడు కొండల నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు బండి చప్పుడుకి చెవులు అలవాటు పడ్డాయి. ఎండ మాత్రం మన ఊరి ఎండ కాదు. గాలి లేదు, వచ్చినా కొండ వైపు నుంచి పొయ్యి సెగలా వస్తుంది. చేపలు రైల్లో వస్తాయి, దిగేసరికి వాటి కళ్లు గుంటలు పడి ఉంటాయి. అత్త వాటిని చూసి మొహం తిప్పుకుని చోడి అంబలి తాగి ఊరుకుంటుంది. నేను స్టేషను గేటు దగ్గర ఎండుచేపలు పెట్టుకుని కూర్చుంటున్నాను, బేరాలు బాగానే ఉన్నాయి. పెద్దాడు బడికి వెళ్తున్నాడు. మా గురించి బెంగ పెట్టుకోకు. మేం బాగానే ఉన్నాం.

బాగానే ఉన్నాం అని రాశాను గానీ, రెండు రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో మర్చిపోయి బయటికి వస్తాను. ఈ ఉత్తరం కూడా మొదలుపెట్టి రెండుసార్లు లేచాను. ఇప్పుడే అన్నం వార్చి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడి రైలు లైను పని అయిపోయింది, మీ బావ ఇంట్లోనే ఉంటున్నాడు. వేట మొదలయ్యేలోగా బావని పంపు, మన ఉమ్మడి నావలో బావ చోటు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టానని నువ్వు కార్డు రాశావు. వాటా ఉన్న ఇంటి నుంచి ఒక మనిషి నావ ఎక్కాలన్నది మన ఊరి కట్టుబాటు, నేను కాదనను. లైను పని ఉన్నన్నాళ్లూ ఊరు ఊరుకుంది, ఇప్పుడు ఊరుకోదు. అదీ తెలుసు. నీ కార్డు వచ్చినప్పటి నుంచి మీ బావది ఒకటే పాట. నావ అమ్మేసి ఎవరి వాటా వాళ్లు తీసుకుందాం, నా వాటాతో వ్యాను కొనుక్కుంటాను, సంతలకి జనాన్ని తిప్పుతాను, మన పిల్లలూ అమ్మా దర్జాగా అందులో తిరుగుతారు అని. పోయిన ఉత్తరంలో నావ అమ్మేయమని రాసింది నా చెయ్యే గానీ మాట మీ బావది. దానికి నువ్వు జవాబు రాయలేదు. నీకు కోపం వచ్చిందని నాకు తెలుసు. ఆ నావ పోతే నువ్వు పరాయి నావలో కూలికి ఎక్కాలి, అది తెలిసి కూడా రాశాను. 

ఇప్పుడు ఆ వ్యాను కథ విను. లైను కంట్రాక్టరు దగ్గర గుమస్తాగా చేసిన మనిషి దగ్గరుంది అది. పాతదే. నీలం రంగు, వెనక ఎదురెదురుగా రెండు చెక్కబల్లలు, ఇరుక్కుంటే పది మంది పడతారు. చూడ్డానికి అందరం వెళ్దామన్నాడు మీ బావ. ఎవరైనా మెకానిక్కుని వెంట తీసుకెళ్లమని పక్కింటావిడ మంచి మాటే చెప్పింది. మీ బావకి పొడుచుకొచ్చింది. లారీ తోలడం నేర్చి లైసెన్సు తెచ్చుకున్న వాణ్ణి, పుట్టినప్పటి నుంచి నావలు చూసిన వాణ్ణి, నాకు ఇంకొకడు వచ్చి బండి చూపించాలా అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను.

తల్లీ కొడుకులు ఆ బండిని ఎలా చూశారో నువ్వు ఉంటే నవ్వలేక చచ్చేవాడివి. అత్తంటే నీకు తెలియనిదా, నాన్నకి అక్క కాబట్టి నాన్నకి రెండింతల మొండి. అడ్డపొగ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, నావ పలకల్ని కొట్టి చూసినట్టు వేలి కణుపులతో బండి చుట్టూ కొట్టుకుంటూ చెవి ఆనించి విన్నది. మీ బావ రెండు బాల్చీల నీళ్లు తెచ్చి బండి లోపల కుమ్మరించాడు. కుమ్మరించి, అందరం కిందకి వంగి అడుగు వైపు చూస్తూ కూర్చున్నాం. చుక్క కారలేదు. అత్త మొహం వెలిగిపోయింది. బండిలో నీళ్లు పోసి చూసే బేరగాళ్లని ఆ గుమస్తా ఎప్పుడూ చూసి ఉండడు. తరవాత మీ బావ వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాడు. వచ్చేటప్పటికి వీపంతా మట్టి, మొహమంతా నవ్వు. అడుగంతా నిగనిగలాడే తారు పూసి ఉందట, ఈ మధ్యనే పూసినట్టుందట.

నేనూ నమ్మాను అన్నయ్యా. నువ్వున్నా నమ్మేవాడివి. అడుగుకి తారు పూసి ఉంచాడంటే ఆ ఆసామి నావని బిడ్డలా చూసుకున్నాడని కదా మన లెక్క. తారు కింద ఏముందో గీకి చూడాలని మన బుర్రలకి తట్టదు.

తోలి చూసుకోమని ఆదివారం బండి ఇచ్చాడు గుమస్తా. అందరం ఎక్కి శృంగవరపుకోట దాకా వెళ్లాం. ఇంజను మాత్రం, అబద్ధం ఎందుకు చెప్పాలి, బంగారం. హేండిలు ఒక్క తిప్పు తిప్పగానే అందుకుంది. ఎత్తులో కూడా ఆయాసపడలేదు. బ్రేకు వేసిన చోట ఆగింది. పిల్లలు కేరింతలు. నాకూ ఎక్కడలేని సంతోషం వేసింది. స్టీరింగు ముందు మీ బావని చూస్తే తమ్ముడు దానయ్య పోక ముందు ఉండే మనిషిలా ఉన్నాడు, ఎన్నాళ్లకో కూనిరాగం తీశాడు. అది విని, పోనీ నావ అమ్మితే అమ్మారు, కొందాం అనుకున్నాను. నీకు అన్యాయం చేసినా సరే అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, అనుకున్నాను.

తిరిగి వస్తుంటే ఒక కల్వర్టు దగ్గర గతుకులో బండి ఎగిరి పడింది. ఫట్టుమని చప్పుడు. అత్త గావుకేక పెట్టింది. చూద్దును కదా, అత్త కాలు బండి అడుగులోంచి కిందకి దిగిపోయింది, పిక్క దాకా! కింద రోడ్డు పరిగెడుతున్నది. అత్త ఒళ్లో చిన్నది ఉంది. నేను చిన్నదాన్ని లాక్కున్నాను, పెద్దాడు నాయనా ఆపు ఆపు అని అరిచాడు. బండి ఆగాక అత్త కాలు మెల్లగా పైకి తీశాం. పిక్క మీద చర్మం గీసుకుపోయి రక్తం వచ్చింది, అంతకు మించి ఏమీ కాలేదు, ఇప్పుడు నడుస్తున్నది, కంగారు పడకు. అప్పుడు ఆ కాలు ఒక్క జానెడు పక్కకుంటే చక్రం కింద పడేది. 

మీ బావ కిందకి దూరి చాకుతో తారు గీకాడు. తారు అప్పడంలా లేచి వచ్చింది, దాంతో పాటు ఇనుమూ పొరలు పొరలుగా రాలిపోయింది. బల్లల కింద మూలల్లో తెల్లగా ఏదో పేరుకుని ఉంటే అత్త వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పురా" అంది. ఎన్నేళ్లో ఉప్పు మోసిన బండి అది. ఉప్పు అడుగంతా తినేస్తే ఆ గుమస్తా పైన తారు పులిమి పెట్టాడు. మనం నీళ్లు పోసి చుక్క కారలేదని మురిసిపోయాం.

సంతలో కొన్న పీట ఆ కన్నం మీద వేసుకుని ఎలాగో ఇంటికి చేరాం. ఇక ఆ బండి సంగతి ముగిసినట్టేనని నేననుకున్నాను. కాదు. కొనడం కొనడమే అన్నాడు మీ బావ. అడుగంతా కొత్త రేకు వేయిస్తాడట, నావకి పలక మార్చమా ఏమిటి అంటాడు. సున్నపురాయి లారీకి డ్రైవరు కావాలని మనిషిని పంపించారు, శుభ్రమైన ఉద్యోగం, అది ఒప్పుకోమని బతిమాలాను. చెయ్యనన్నాడు. ఎందుకంటే చెప్పడు. అత్త కూడా ఈసారి కొడుకు వైపు లేదు. నాకు తిక్క రేగింది.

"అడుగూడిపోయే బండిలో పిల్లల్ని కూకోబెడతావేటి? నీకు మనసెలా వస్తాది?" అని అడిగాను.

 మీ బావ నెమ్మదిగా అన్నాడు. "అడుగూడితే కింద నేలున్నాదే. సంద్రంలో అడుగు తప్పితే ఏటున్నాది? సెప్పు."

 అత్త లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

అన్నయ్యా, దానయ్య పోయి మూడేళ్లు. ఆ రోజు సంగతి మీ బావ నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. తమ్ముడు పోయిన దిగులుతో ఊరొదిలాడనే అనుకున్నాను ఇన్నాళ్లూ. మొన్న ఆ మాట అన్నాక అంతా చెప్పాడు. ఒడ్డు కనిపిస్తుండగా కెరటం నావని తిరగేసినప్పుడు తమ్ముడి చెయ్యి తన చేతిలోనే ఉందట. పట్టు జారిపోయిందట. ఇప్పటికీ నీళ్లు మోకాలు దాటితే ఊపిరి ఆడదట. లారీ ఉద్యోగం ఎందుకు వద్దన్నాడో అప్పుడు తెలిసింది. ఉద్యోగం ఎప్పుడైనా పోతుంది, లైను పని పోయినట్టే, పోయిన మర్నాడు నీ దగ్గర నుంచి మళ్లీ కార్డు వస్తుంది. సొంత బండి ఉంటే, అసలు నావే లేకపోతే, ఇంక ఎవరూ రమ్మనరు కదా. అదీ మనిషి బాధ. వ్యాను మంచిదా కాదా అన్నది ఆయన చూడనే లేదు. మేమే పిచ్చివాళ్లలా నీళ్లు పోసి చూశాం.

నీ బాధా నాకు తెలుసు. ఆ రోజు చుక్కాని నీ చేతిలో ఉంది. ఊళ్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనలేదు, అయినా నువ్వు ఎవరి మొహమూ చూడలేకపోయావు. నువ్వు బావ చోటు అట్టే పెట్టింది మనిషి దొరక్క కాదు. బావ వచ్చి మళ్లీ నీ నావలో కూర్చుంటే నీ మీద తప్పు లేనట్టని నీ మనసు. ఆయన రాకపోతే నీ మీద కోపమే అనుకుంటున్నావు. కోపం కాదన్నయ్యా. నేనే అడిగాను. "మీ అన్న సుక్కాని పట్టబట్టే మిగిలినోళ్లం బతికి ఒడ్డుకొచ్చినాం" అన్నాడు. ఈ మాట నీకు చెప్పమనలేదు, నేనే చెబుతున్నాను. నాకు తోచినట్టు చెప్తున్నాను, తప్పయితే తిట్టు.

మీ బావ శుక్రవారం రైలుకి బయల్దేరి మన ఊరు వస్తున్నాడు. నావ బేరం తేల్చుకుని వస్తానని చెప్పి వస్తున్నాడు. గుమస్తా కూడా ఆదివారం లోగా మాట చెప్పమన్నాడు. ఈ ఉత్తరం అంతకు ముందే నీకు చేరాలని ఇప్పుడే తీసుకెళ్లి పోస్టులో వేస్తాను. వచ్చాక నువ్వు నావ సంగతి ఎత్తి పోట్లాటకి దిగొద్దు. ఈ బండి పుచ్చిందని కూడా నువ్వు చెప్పొద్దు, ఆ సంగతి ఆయనకి మనందరికన్నా బాగా తెలుసు. చేపల కూరతో అన్నం పెట్టండి. వదినకి చెప్పు, పులుసులో కారం తగ్గించమని, ఈ మధ్య మీ బావకి కడుపు బాగుండటం లేదు.

అత్తకి చుట్టలు, నాకు ఎండు నెత్తళ్లు వచ్చేటప్పుడు ఆయన చేత పంపించు. అత్త మిమ్మల్ని అందరినీ అడిగినట్టు రాయమంది. పిల్లలకి నా ముద్దులు. పెద్దమ్మ కాళ్లకి నా బదులు నువ్వు దండం పెట్టు, మమ్మల్ని చల్లగా చూడమని అమ్మవారికి ముడుపు కట్టమను.

ఇంకొక్కటే అడుగుతాను. ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, నోరు తెరవకముందే, నువ్వే అనాలి. "బావా, నువ్వు ఇంక నావెక్కక్కర్లేదు. నీ బదులు మనిషిని పెట్టుకున్నాను, నీ వాటా నీదే" అని. ఊరి పెద్దలకి కూడా నువ్వే చెప్పుకో. కొనొద్దని నేను ఎంత మొత్తుకున్నా ఆయన వినడు. రావద్దని నువ్వు ఒక్కసారి అంటే చాలు, ఆ బండి ఇంక ఆయనకి అక్కర్లేదు.

నీ దీవెనలు కోరుకునే
చెల్లెలు నూకాలు