ఉన్న రంగు చూపించే ట్యాబ్

బుధవారం, రాత్రి

నా రాత కోడిగీతలే, తప్పులూ ఉంటాయి. చదివేవాళ్లుంటే ఏమీ అనుకోకండి.

ఈ రోజు నూజివీడులో సిమ్ వేసుకునే ట్యాబ్ కొన్నాం. మా ఆయన మామిడి లోడు వెంట వెళ్లినప్పుడు తోటలోంచి నేనే మా కాయలు కొనే షావుకారుకు కాయల ఫోటోలు పంపాలట. షాపులో ఏది మంచిదో అడగడానికి నోరు రాక, సంచిలోంచి దోర బంగినపల్లి కాయ తీసి కౌంటర్ మీద పెట్టాను. షాపతను చూపించిన రెండింటిలో పెద్ద ట్యాబ్‌తో ఫోటో తీస్తే అది బాగా మగ్గిన పండులా పసుపుగా వచ్చింది.

“భలే ఉందే! ఇదే తీసుకుందాం,” అన్నారు ఆయన.

“లోడు దిగాక కాయ దోరగా ఉంటే మోసగాళ్లనేది మనల్నే కదండీ?” అన్నాను. నా గొంతేనా అనిపించింది.

చిన్న ట్యాబ్‌లో కాయ ఉన్నట్టే వచ్చింది. ఎండలోకి తీసుకెళ్లినా తెర కనిపించింది. సిమ్ వేసి ఫోన్ చేస్తే మాటా బాగా వినపడింది. అదే తీసుకున్నాం.

“రేపు వీడియోలో షావుకారుతో నువ్వే మాట్లాడు. నా నోరే మూయించావుగా!” అని ఆటోలో నవ్వారు.

భయమే. అయినా దాచేదేం లేదు కాబట్టి చెప్పగలను. ఇందాక అద్దం ముందు “నమస్కారమండీ షావుకారుగారూ” అని పదేపదే అనుకున్నాను. ఈ పేజీ ఎవరికైనా దొరికితే, మా ఆయనకు చూపించకుండా పొయ్యిలో వేసేయండి.