నా విరోధికి ఏమైంది?

2 నవంబర్ 2025, ఆదివారం

“ఎప్పటిలాగే చక్కగా రాశారు” అట.

తప్పు, జగన్మోహనరావు గారూ. ఎప్పటిలాగే ఏమిటి? పదహారేళ్ళలో, మొన్నమొన్నటి దాకా, నా బ్లాగు కింద మీరు ఆ మాట ఒక్కసారీ రాయలేదు. మీ వ్యాఖ్యలన్నిటిలోకీ మెత్తనిది “ఆవేశం తగ్గాక మీ టపా మీరే ఒకసారి చదువుకోండి” అన్నది. దానికి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను. డైరీకైనా మర్యాద ఉంటుంది.

ఈ మధ్య ఇది మూడోసారి. ఆడవాళ్ళ ఫ్రీ బస్సును వెనకేసుకొస్తూ నాలుగు పేజీలు రాశాను. ఉచితం అన్న మాట వింటే చాలు బీపీ బిళ్ళ వెతుక్కునే మనిషి, చక్కగా ఉందన్నాడు. ఓటర్ల లిస్టు మీద రాస్తే చక్కగా ఉందన్నాడు. మూసీ మీద రాసినా అంతే.

మెచ్చుకోలు ఇంత అవమానంగా ఉంటుందని నాకు తెలియదు.

4 నవంబర్, మంగళవారం

హైందవి ఫోన్ చేసింది. ఏటా డిసెంబరులో జరిగే మా బ్లాగర్ల సభకు ఈసారి బాధ్యత ఆ పిల్లదే. కార్పొరేషన్ లెక్కల మీద బ్లాగు రాస్తుంది. పదునుగా రాస్తుంది, కామాలు మాత్రం పెట్టదు.

అమ్మమ్మా, మీ తగాదా లింకు ఇంకా పంపలేదేంది అంది. మిగతా అందరివీ వచ్చినయట. నెలాఖరులోపల రాకుంటే మీ జోడి లిస్టులో ఉండదు, నేనేం చెయ్యాలె చెప్పు, గా రూల్ పెట్టింది మీరే కద అంది.

నిజమే. మేమే పెట్టాం.

2009 డిసెంబరు. రాష్ట్రం వచ్చిందన్నారు, పక్షం తిరక్కుండానే ఆగిందన్నారు. పొద్దున లేస్తే బ్లాగుల్లో ఒకరినొకరం ఉతికి ఆరేసుకునేవాళ్ళం. పేర్లు తెలుసు, మొహాలు తెలియవు. బంద్‌ల మధ్య దొరికిన ఒక ఆదివారం, నాంపల్లి స్టేషను ఎదురుగా ఒక లాడ్జి మీది హాల్లో కలిశాం. సగం మంది చొక్కా చేతులు మడిచే వచ్చారు. ఏడాది మొత్తంలో మంచి టపాలు ఎంచి చదువుకుందాం అన్నారెవరో. ఎవరు ఎంచాలి? స్నేహితులు ఎంచితే భజన అవుతుంది. కాబట్టి ఎవరితో ఎక్కువ తగాదా పడ్డామో వాళ్ళే మన టపా ఎంచాలి, వాళ్ళే నిలబడి పైకి చదవాలి, ఎందుకు ఎంచారో చివర ఒక్క వాక్యం చెప్పాలి. ఆ ఏడాది తగాదా లేనివాళ్ళకు సభలో చోటు లేదు. ఆ చివరి నిబంధన నాదే. చాలా తెలివిగా పెట్టాననుకున్నాను.

నా వాటాకు వచ్చిన విరోధి రైల్వే అకౌంట్స్‌లో పనిచేసే జగన్మోహనరావు. నాలుగేళ్ళ వయసులో బెజవాడ నుంచి తండ్రి చెయ్యి పట్టుకొని నాంపల్లిలో దిగినవాడు. సమైక్యవాది. బ్లాగు పేరు ‘సవినయంగా’. వినయం పేరు వరకే. నా బ్లాగు ‘గదెట్ల?’. కాలేజీలో పాలిటిక్స్ పాఠాలు ముప్పై ఏళ్ళు పుస్తకాల తెలుగులో చెప్పాను, ఈ డైరీ కూడా ఆ అలవాటే. బ్లాగు మాత్రం మా నాయిన బీరయ్య మాట్లాడిన తెలుగులో రాస్తాను.

ఆ మొదటి సభలో ఆయన నా టపా చదువుతూ ‘గిట్ల’ ఉన్నచోట ‘ఇలా’ అన్నాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అన్నాడు. మూడోసారికి నేను లేచి నిలబడ్డాను. సారూ, సదువుమన్న గని సర్దుమనలే అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మొదటి నుంచి చదివాడు. ‘గిట్ల’ అనే అన్నాడు, వేపాకు నమిలినట్టు.

ఆ లాడ్జి ఇప్పుడు మొబైల్ షోరూము. అప్పుడు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నాం. ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఉద్యోగ సంఘం వాళ్ళ చిన్న గది సరిపోతోంది. మిగిలినవాళ్ళు వీడియోలు చేసుకుంటున్నారు.

7 నవంబర్, శుక్రవారం

ఎర వేశాను. కొత్త టపాలో ఆంధ్రప్రదేశ్ 1957లో ఏర్పడిందని రాశాను. ఒకచోట కాదు, మూడుచోట్ల. 1956 నవంబరు ఒకటి ఆయనకు రెండో పుట్టినరోజు లాంటిది. ఊరుకుంటాడా?

8 నవంబర్

“చక్కగా రాశారు.”

9 నవంబర్, ఆదివారం, సాయంత్రం

నాంపల్లిలో జగన్మోహనరావు ఇంటికి వెళ్ళి వచ్చాను.

కోడలు నాగవల్లి తలుపు తీసింది. బ్యాంకులో పనిచేస్తుంది. పిన్నిగారూ మీరా అని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. చీకటి పడింది, లైటు లేదు, ఒళ్ళో పేపరు.

ఏంది సారూ, చీకట్ల సదువుతున్నరు అన్నాను. అలవాటండీ అన్నాడు. ఆంధ్రప్రదేశ్ పుట్టింది యాభై ఏడుల గద అన్నాను. అంతే, కుర్చీలోంచి లేచాడు, పేపరు కిందపడింది. యాభై ఆరండీ! నవంబరు ఒకటండీ! మా నాన్న చెయ్యి పట్టుకుని దిగినవాణ్ణి నేను! ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారా, పకోడీలు వేశారా? అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మరి నా టపాల మూడు జాగల గట్లనే రాసిన, కనపడలేదా అన్నాను.

నాగవల్లి వచ్చి లైటు వేసింది. ఆయన కనురెప్పలు కదల్లేదు.

గ్లాకోమా అని నాగవల్లి చెప్పింది. నిరుడు పక్క చూపు పోయింది, ఈ వేసవికి ఎదుటి చూపు. సభవాళ్ళకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. నా టపా వచ్చినప్పుడల్లా ఫోను మోగుతుంది. ఏదో ఒకటి, బావుందని పెట్టెయ్యమ్మా అంటాడట. బ్యాంకు నుంచి వచ్చి వంట చేసే పిల్లకు నా నాలుగు పేజీలు చదివి వినిపించే తీరిక ఎక్కడిది? పెట్టేసింది.

తిట్టుమని చెప్పొద్దా సారూ, మెచ్చుకుంటే దొరికిపోరా అన్నాను.

చదవకుండా మెచ్చుకోవచ్చండీ, చదవకుండా తిట్టడం అన్యాయం కదా అన్నాడు.

10 నవంబర్, సోమవారం

నిన్న రాయనిది ఒకటుంది. నేను బయల్దేరుతుంటే, ఈసారి సభకు రానండీ, మీరు వేరే విరోధిని చూసుకోండి అన్నాడు. నిలబడి చదవలేనివాడు సభలో ఎందుకు, జాలితో కొట్టే చప్పట్లు నాకొద్దు అన్నాడు.

వేరే విరోధి! ఈ వయసులో ఎక్కడ దొరుకుతాడు? బ్లాగుల్లో ఉన్న పిల్లలు నేనేం రాసినా అమ్మమ్మా సూపర్ అంటారు. సూపర్ అన్నవాడితో ఏం తగాదా పడను? మొన్న కావాలని ఒక పిచ్చి వాదన రాశాను. దానికీ సూపరే.

16 నవంబర్, ఆదివారం

నాంపల్లిలో. ఈ ఏడాది నా టపాలు ప్రింట్ తీసి పట్టుకుపోయాను. అడగలేదు, కూర్చొని చదవడం మొదలుపెట్టాను. బస్సు టపా రెండో పేజీకి ఆయన కుర్చీ చేతుల మీద వేళ్ళు కొడుతున్నాడు. మూడో పేజీకి ఆగండాగండి అన్నాడు. నేనాగలేదు. నాలుగో పేజీ అయ్యేసరికి నాగవల్లి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, పిన్నిగారూ ఏమైందండీ, పక్క ఫ్లాట్ వాళ్ళు అడుగుతున్నారు అని.

ఏం కాలేదమ్మా, మీ మామగారి ఆరోగ్యం బాగయింది అన్నాను.

19 నవంబర్

మళ్ళీ పోట్లాట. ఆకలి బాగా వేస్తోంది.

29 నవంబర్, శనివారం

రేపే గడువు. సభకు వస్తాడట, కళ్ళ సంగతి మాత్రం బయటపడకూడదట. తగాదా నోటితో జరిగితే సరిపోదు, రాసి ఉండాలి, లింకు ఉండాలి. ఆయన చెప్పాడు, నేను ఫోన్‌లో టైప్ చేశాను. నన్ను తిడుతూ ఆయన చెప్పినది, నా వేళ్ళతో, ఆయన బ్లాగులో.

మధ్యలో ఒక వాక్యం దగ్గర నా వేలు ఆగింది. “బస్సు ఉచితం చేసినవాళ్ళు బస్సులు పెంచారా? నిలబడి వేలాడే అవకాశాన్ని హక్కు అనరు, పూలమ్మ గారూ!”

నా నాలుగు పేజీల్లో దీనికి సమాధానం లేదు. వదిలేస్తే ఆయనకు తెలియదు. ఆగారేమండీ అన్నాడు. నెట్ స్లో ఉన్నది అన్నాను. టైప్ చేశాను. ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను, ఆయన గొంతులో ఉంది కాబట్టి.

హైందవికి లింకు పోయింది. రెండు నిమిషాల్లో జవాబు: తాత వాపస్ వచ్చిండు, నీకైతే గట్టిగనే పడ్డది అమ్మమ్మా.

7 డిసెంబర్, ఆదివారం

లింకు సరే. చదవడం ఎలా?

ఇంకెవరైనా చదివితే ఏంది అన్నాను. ఒప్పుకోలేదు. విరోధే చదవాలండీ, అది నియమం అన్నాడు. ఆ నియమాలు నాకే చెబుతాడు. ఆ తర్వాత అన్నాడు: మీరు చదివి చెబితే నేను నోటికి పట్టేస్తాను, రైల్వేలో కోడ్ పుస్తకం మొత్తం నోటికుండేది. అక్కడ తప్పు పోతే ఆడిట్ వాళ్ళే అడిగేవారు, గీడ నేనున్న అన్నాను. అదే కదండీ భయం అన్నాడు.

టపా కూడా ఎంచేశాడు. బస్సుదే. మీకు ఒక్క ముక్కా నచ్చలేదు గద అన్నాను. నచ్చింది ఎంచాలని ఎక్కడుందండీ, మంచిది ఎంచాలి అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో 2014 గుర్తొచ్చింది. జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆ డిసెంబరు సభకు ఆయన రాడని పందాలు కట్టుకున్నారు. వచ్చాడు. ఆ ఏడాది నేను రాసిన వాటిలో పండగ చేసుకుంటూ రాసిన టపానే ఎంచాడు. పొల్లు పోకుండా చదివాడు, ‘గిట్ల’ అన్నచోట ‘గిట్ల’ అనే, వేపాకు రుచి లేకుండా. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు అడిగాడు. అంతే. ఆ రోజు నేను ఇంటికొచ్చి డైరీలో ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

21 డిసెంబర్, ఆదివారం

మూడు పేజీలు వచ్చాయి. నాలుగోది తడబడుతోంది. ‘కూసున్నది’ అనమంటే ‘కూర్చున్నది’ అంటాడు, నాలిక కరుచుకుంటాడు, మళ్ళీ మొదటి నుంచి. నాగవల్లికి కూడా నోటికి వచ్చేసిందట. నిన్న బ్యాంకులో ఎవరో లైన్ తప్పితే జర జరుగుండ్రి అందట, వాళ్ళ మేనేజరు తల ఎత్తి చూశాడట.

28 డిసెంబర్, ఆదివారం

సభ అయింది. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి మారుస్తాను.

ఆయన నా మోచెయ్యి పట్టుకొని మెట్లెక్కాడు. మోకాళ్ళండీ అని అందరికీ చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, చేతిలో కాగితం లేకుండా ఎలాగండీ అని గొణిగాడు. నా ప్రింట్ నాకే కావాలి, ఆయన ఆగితే అందించడానికి. సంచిలో చెయ్యి పెట్టి తగిలిన కాగితం తీసి ఇచ్చాను.

ముందు నేను ఆయనది చదివాను, నన్ను తిట్టినది. ‘హక్కు అనరు, పూలమ్మ గారూ’ దగ్గర గట్టిగా నవ్వారు. నవ్వనిచ్చాను. ఎందుకు ఎంచానంటే, దీనికి నా దగ్గర ఇంకా జవాబు లేదు కాబట్టి అని చెప్పి కూర్చున్నాను.

ఆయన లేచాడు. కాగితం విప్పి కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. వెలుతురులో వెనక నుంచి రబ్బరు స్టాంపు కనిపించింది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది. సెక్రటరీని నేనే కాబట్టి ఆ స్టాంపు నాకు బాగా తెలుసు.

మొదలుపెట్టాడు. “అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కిన. గంప పట్టుకున్న ఒకామె నా పక్కన కూసున్నది. సీటుల గాదు, సీటు అంచుకు. జర లోపలికి జరుగమ్మా అంటె, టికెట్ కొనలే గద బిడ్డా, నాకు సగం సీటు చాలన్నది.”

మా ఊరి తెలుగు. బెజవాడ మనిషి నోట్లో. మా నాయిన గొంతు వినిపించిందని రాస్తే అబద్ధం, ఈయనది సన్నం. కానీ మాట అదే.

ఒక్కొక్క పేజీ అయినప్పుడు కాగితం తిప్పుతున్నాడు కూడా. ఉన్నది ఒక్కటే కాగితం, అటూ ఇటూ తిప్పాడు. నాలుగో పేజీలో, ఆ సగం సీటు మాట మళ్ళీ వచ్చేచోట, ఆగిపోయాడు. కాగితం మళ్ళీ తిప్పాడు. హైందవి ముందుకు వంగింది.

నేను లేచాను, పదహారేళ్ళ కిందట లేచినట్టే. ఏంది సారూ, ఉస్మాన్‌గంజ్‌ల మూటలు మోసిన ముచ్చట మింగుతున్నరా, మీకు నచ్చదని? అని అరిచాను.

మింగడం లేదండీ పూలమ్మ గారూ, మీ మూటలు బరువు, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి అన్నాడు.

గది గొల్లుమంది. ఆ నవ్వులోనే అందుకున్నాడు. “పొద్దుగాల లేసి ఉస్మాన్‌గంజ్‌ల మూటలు మోసిన మనిషికి సగం సీటే హక్కయితె, కార్ల ఒక్కడే కూసొని పోయేటోనికి రోడ్డు మీద హక్కెంత?” ఇక ఆగలేదు. చివరి వరకూ.

చప్పట్లు కొట్టారు. జాలివి కావు. నాకు తేడా తెలుసు.

ఎందుకు ఎంచారని హైందవి అడిగింది. ఒక్క ముక్కకూ ఒప్పుకోనండీ, కానీ ఇకమీదట బస్సెక్కితే ముందు సీటు అంచు చూస్తాను అన్నాడు.

చూస్తాను అన్నాడు. నేను సంచిలో ఏదో వెతుక్కున్నాను.

హైందవి పక్క నుంచి ఫొటోలు తీసింది. కాగితం మీద ఏముందో చూసింది, నన్ను చూసింది, నేను ఫ్యాన్‌ను చూశాను. సాయంత్రం ఫొటో పెట్టింది. చేతులు కనిపించకుండా, భుజాల వరకే. ఆ పిల్ల కామాలు పెట్టకపోయినా ఇకనుంచి నేనేమీ అనను.

29 డిసెంబర్, సోమవారం, పొద్దున

నాగవల్లికి పంపవలసిన మెసేజ్:

అమ్మా, మామగారి నిన్నటి చొక్కా ఉతికే ముందు జేబు చూడు. మడిచిన కాగితం ఉంటుంది. మా బిల్డింగ్‌లో నీళ్ళ ట్యాంకు కడిగే నోటీసు. ప్రెసిడెంట్ గారి సంతకం దాని మీదే ఉంది, ఆయన కాశీ పోయాడు. బ్యాంకుకు వెళ్తూ మా వాచ్‌మన్‌కు ఇచ్చేసి పో, లిఫ్ట్ పక్కన అంటిస్తాడు. మామగారిని అడిగితే అది నేను రాసిన టపా అంటాడు, ఇవ్వనంటాడు. నువ్వు వాదించకు, అది నా పని. జేబులోంచి తీసుకొచ్చెయ్. రేపు పొద్దంతా నీళ్ళు రావు, అందరూ ఇవాళే పట్టుకోవాలి.